మూడు దినాల చాప

ఎండ కొట్టం చూరు కింద నుంచి దూరి, పసువుల గాడి మీద కాసేపు నిలబడి, ఇప్పుడు కెంపమ్మ కాలివేళ్ళ దాకా పాక్కుంటూ వచ్చింది. మూడో దినం ఎండ. ఇది మోకాళ్ళెక్కి, వెనక గోడెక్కి ఆరిపోతే పొద్దు గూకినట్టు. పొద్దు గూకితే తెల్లారక మానదు. తెల్లారితే బావి దగ్గర తల పోసుకుని, చాప చుట్టి చూరులో దోపి, ఇంట్లోకి పోవాలి. కాళ్ళు ముడుచుకుందామనుకుంది. ముడుచుకోవడం కూడా ఒక పనే కదా అనిపించి ఊరుకుంది. మూడు దినాలుగా ఆమె ఎవరినీ ముట్టలేదు, ఆమెను ఎవరూ ముట్టలేదు. ముద్ద దూరం నుంచి వచ్చి ఆకులో పడుతుంది, నీళ్ళు పైనుంచి చెంబులో పడతాయి. బయటున్న ఆడది పొయ్యి దగ్గరికి పోకూడదు, దేవుడి గూటి వైపు పోకూడదు, పట్టుపురుగులు పెరిగే గది గడప తొక్కకూడదు, ఆమె నీడ పడినా పురుగు చెడిపోతుందని జంగమకోటెలో పిల్లలకు కూడా తెలుసు. మంచంలో పడున్న మొగుడి పక్క మార్చకూడదు, మూతి తుడవకూడదు, కింద తడిసిన గుడ్డ తీయకూడదు. ఎన్ని కూడదులో. లోకంలో ఆడవాళ్ళందరికీ అవి ముళ్ళకంపలేమో గానీ కెంపమ్మకు మాత్రం ఒక్కొక్క కూడదూ ఒక్కొక్క దూదిదిండు. వాటి మీద తల పెట్టుకునే ఆమె ఈ మూడు దినాలూ పడుకుంది. కాకపోతే ఆమెకు రావలసింది రాలేదు. ఈ నెలే కాదు, పోయిన ఉగాది తర్వాత మళ్ళీ రానేలేదు. ఒళ్ళు తన లెక్క తాను ముగించుకుని ఊరుకుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆమె ఒంటికి తెలుసు. ఇంట్లో ఎవరికీ తెలీదు.

అబద్ధం చెప్పాలని కూచుని చెప్పింది కాదు. మొదటిసారి జరిగింది వానల్లో. ఆ పొద్దున తిమ్మరాయప్పను పక్కకు తిప్పబోతే నడుములో ఎక్కడో ఎండుకట్టె విరిగినట్టయింది. ఆయన నిలువెత్తు మనిషి. లక్వ కొట్టి ఎడంవైపు ఒళ్ళంతా పడిపోయినాక ఇంకా బరువెక్కాడు. పనిచేసే ఒళ్ళు బెండు, పనిచేయని ఒళ్ళు బండ. ఆమె నడుం పట్టుకుని, గోడ పట్టుకుని, గోడ ఎటు తీసుకుపోతే అటు నడుస్తూ పెరట్లోకి వచ్చింది, కొట్టంలోకి వచ్చింది. చూరులో దోపిన ఈ ఈతచాప కనబడింది. చేతులే దాన్ని లాగాయి, చేతులే పరిచాయి. ఎందుకు కూచుందో తెలియకుండానే కూచుంది. అప్పుడే పేడ ఎత్తడానికి వచ్చిన తోడికోడలు లక్ష్మీదేవమ్మ, బుట్ట చంకలో పెట్టుకుని నిలబడి, “ఏమక్కా, బయటనా?” అనింది. కెంపమ్మ నోరు తెరవలేదు. తల ఊగింది, అంతే. ఆ అబద్ధం నోరు చెప్పింది కాదు, మెడ చెప్పింది. లక్ష్మీదేవమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రెండడుగుల మేర నేలను ఎవరో మహారాజు తనకు మాన్యంగా రాసిచ్చినట్టు అనిపించింది కెంపమ్మకు. ఆ మూడు దినాలూ చచ్చినట్టు నిద్రపోయింది. నాలుగో దినం చూసుకుంటే చేతివేళ్ళ వాపు తీసుంది, గాజులు వదులయ్యాయి. పాత గుడ్డలు తీసుకుపోయి, మరకే లేని గుడ్డలను మరక పోయేట్టు ఉతికి కంప మీద ఆరేసింది. ఆ తర్వాత నెల నెలా కూచుంది. పడుచుపిల్లలకైనా ముందూవెనకా అవుతుందేమో గానీ కెంపమ్మకు మాత్రం నెల తప్పడం లేదు.

మట్టిగోడ ఒక్కటే అడ్డం, అవతల ఆయన మంచం. కొట్టంలో పడుకుంటే ఆయన ఊపిరి తెలుస్తుంది. మొదట్లో ఆ ఊపిరి వినకూడదని చెవుల మీద కొంగు కప్పుకునేది. వినకపోతే ఇంకా భయమేసేది, కొంగు తీసి వినేది. ఆయన మంచం పట్టి రెండు రాగికోతలు అయ్యాయి, ఇప్పుడు మూడో కోతలు. మొదటి కోతల్లోనే కదా, కళ్ళంలో కుప్ప మీద నిలబడున్న మనిషి కొడవలి జారిపోయిందని వంగి, వంగినవాడు వంగినట్టే పడ్డాడు. ఆ దినం అందరూ పరుగెత్తుకుని వచ్చారు. ఊరు ఊరంతా వచ్చింది. మంత్రం తెలిసినాయన వచ్చాడు, ఆకుపసరు తెలిసినాయన బాగేపల్లి నుంచి వచ్చాడు, పావురం రక్తం రాయమన్నవాళ్ళు వచ్చారు. గుడిబండె నుంచి వియ్యాలవారు బండి కట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్ళంతా మంచం చుట్టూ కూచుని ఆయన ముఖం చూశారు, పాపమన్నారు, ఆమె పెట్టిన ముద్ద తిని పోయారు. పోయేటప్పుడు ఒక్కొక్కరూ ఆమె చెయ్యి పట్టుకుని, నువ్వుండావు కాబట్టి సరిపోయిందమ్మా అన్నారు. ఆ మాట మొదటిసారి వింటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడెవరైనా ఆ మాటంటే బావి నీళ్ళు తోడే కపిల ఎద్దు మెడ మీద కాడి పెట్టి చప్పట్లు తట్టినట్టుంటుంది.

కపిల చప్పుడు వినబడుతూనే ఉంది. తోటలో జీతగాడు మునికృష్ణప్ప మోట తోలుతున్నాడు, తోలుసంచి కింద బావిలో మునిగి, నిండి, గిలక మీద కిర్రుమంటూ పైకొచ్చి, ధబ్బుమని తొట్టిలో పడుతుంది. పట్టుపురుగులు తినే రేష్మె ఆకుకు నీళ్ళు. ఎద్దులు వెనక్కి వెనక్కి నడిచి మళ్ళీ పల్లంలోకి దిగుతాయి. చప్పుడు ఆగింది. అంటే జత మారుస్తున్నాడు. తెల్లారక ముందు మబ్బులో కట్టిన ఎద్దుల్ని పొద్దెక్కాక విప్పి నీడకు కట్టి, ఇంకో జతను కడతాడు. పొద్దు వాలాక మళ్ళీ మారుస్తాడు. ఒక్క జతతోనే దినమంతా తోలితే ఎద్దు నిలబడ్డచోట మోకాళ్ళ మీద కూలుతుంది, ఆ పాపం తోలినవాడికి. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు, తిమ్మరాయప్ప. ఆ కాలంలో కపిల తోలితే ఆయనే తోలాలి, ఆయన పాట జంగమకోటె దాటి వినబడేదని అంటారు. ఇప్పుడు ఆ నోట్లో మాట నమిలిన ఆకులాగా మెత్తగా, ఏదీ విడివిడిగా లేకుండా వస్తుంది. కెంపమ్మ ఒక్కదానికే అర్థమవుతుంది. అర్థమయ్యేదే దోషమైపోయింది. నీళ్ళంటున్నాడా, తిప్పమంటున్నాడా, ఈగ తోలమంటున్నాడా, ఇంటిల్లిపాదీ మంచం దగ్గర నిలబడి ఆమె ముఖం చూస్తారు, ఏమంటాండాడు కెంపమ్మా అని.

ఒకసారి బట్లహళ్ళిలో పుట్టింటి నుంచి ఆమెను తీసుకురావడానికి ఆయన వచ్చినప్పుడు, చింతామణి సంత దాకా నడిచారు. పెళ్ళయిన కొత్త. ఆయన ముందు, ఆమె వెనక. ఎంత వెనక పడిందంటే ఆయన తలపాగా మాత్రమే కనబడేది. అయినా దోవ మలుపు తిరిగే ప్రతిచోటా ఆయన ఆగేవాడు. తిరిగి చూసేవాడు కాదు, చుట్ట ముట్టించుకుంటున్నట్టో, కాలిలో ముల్లు తీసుకుంటున్నట్టో ఆగేవాడు. ఆమె గాజుల చప్పుడు దగ్గరికి రాగానే మళ్ళీ కదిలేవాడు. సంతలో ఏమీ అడగకుండానే బత్తాసులు కొనిచ్చి, నీకోసం కాదు, అమ్మకోసం అన్నాడు. వాళ్ళమ్మ తీపి ముట్టదని ఆమెకు అప్పటికి తెలీదు, ఇంటికొచ్చి చూసి నవ్వుకుంది. ఆ మనిషేనా ఈ మనిషి అని అప్పుడప్పుడూ అనుకుంటుంది. ఆ మనిషే. అందుకే కష్టం. ఇంకెవరైనా అయితే చేసి పారేసి, చేయి కడుక్కుని మరిచిపోయేది.

ఆయనను చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి బండిలో తీసుకుపోయినప్పుడు, అది పోయిన చలికాలం, గురప్ప, అంటే మరిది, బండి తోలాడు. ఆమె వెనక కూచుని దోవ పొడుగునా ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది, గుంతొస్తే తల ఎగరకుండా రెండు చేతులా పట్టుకుంది. అక్కడి డాక్టరమ్మ ఆయన కాలు ఎత్తి చూసింది, వదిలి చూసింది, నూనె ఇచ్చింది, పుండ్లు పడకుండా పక్క మారుస్తుండమనింది. అదంతా కెంపమ్మ చేస్తున్నదే. తర్వాత ఆ తల్లి ఉన్నట్టుండి కెంపమ్మ కిందిరెప్ప లాగి చూసింది. గోళ్ళు ఒత్తి చూసింది. కన్నడంలో, “నిన్న నోడ్కొళ్ళోరు యారమ్మా?” అనింది. నిన్ను చూసుకునేవాళ్ళెవరని. కెంపమ్మకు నవ్వొచ్చింది. చూసుకోవలసింది నన్ను కాదమ్మా, మంచంలో ఉండేది ఆయన, అని చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. నీకు రక్తం లేదు, దినామూ మధ్యాహ్నం కాసేపు పడుకో అనింది. పడుకో అంట. అదేదో అంగట్లో దొరికే సరుకు లాగా, చీటీ రాసిస్తే తెచ్చుకునేది లాగా. దోవలో గురప్ప అడిగాడు, డాక్టరమ్మ ఏమనింది వదినా అని. నూనె రాయమనింది అని మాత్రం చెప్పింది. పడుకోమనింది అని చెప్పడానికి సిగ్గేసింది. మొగుడు మంచంలో ఉంటే పడుకోమని చెప్పించుకుని వచ్చిన ఆడది ఎవరైనా ఉంటుందా.

గోడ అవతల మంచం కిర్రుమనింది. కెంపమ్మ చేతులు రెండూ నేల మీద ఆనాయి, లేవబోయింది, లేవలేదు. “కొంచెం ఒరుగన్నా. ఆఁ, అంతే. ఆ చెయ్యి నా మెడ మీద వెయ్యి,” అని గురప్ప గొంతు. ఆమె బయటున్నప్పుడు ఆయన్ను ఎత్తేది, తుడిచేది గురప్పే. తమ్ముడి పెళ్ళాం బావను ముట్టదు గదా, లక్ష్మీదేవమ్మ గంజి కాచి గడప దగ్గర పెడుతుంది, అత్త పుట్టమ్మ తాపిస్తుంది. గురప్ప రొప్పుతున్నాడు. గుడ్డ నీళ్ళలో ముంచిన చప్పుడు, పిండిన చప్పుడు. “అమ్మా, వదిన ఒక్కతే దినామూ ఎట్ల చేస్తాండాది దీన్ని?” అన్నాడు. “రెండు చేతుల్తో,” అనింది పుట్టమ్మ. గురప్ప ఇంకోసారి గుడ్డ పిండాడు. కెంపమ్మ నోట్లోంచి నవ్వులాంటి ఒక చిన్న చప్పుడు వచ్చింది. గోడకు చెవులుంటే విని ఉంటుంది.

చేతులు. ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వీటికోసమే కదా ఇంత దొంగతనమూ. నడుం నొప్పి అయితే ఓర్చుకునేది, నిద్ర లేకపోతే ఓర్చుకునేది, ఆడదానికి ఓర్చుకునేది ఎవరు నేర్పాలి. పోయిన వారం గంజి తాపిస్తుంటే ఆయన ఉమ్మేశాడు. కావాలని కాదు, గొంతులోకి పోక ఉమ్మేశాడు, ఆమెకు తెలుసు. అయినా ఆ గంజి ఆమె ముఖం మీద, రొమ్ము మీద పడినప్పుడు కుడిచెయ్యి పైకి లేచింది. కొట్టలేదు. లేచి, గాలిలో అట్లాగే నిలిచిపోయింది. ఆయన ఆ చెయ్యి చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. కొట్టు, అన్నట్టు మూసుకున్నాడో, చూడలేక మూసుకున్నాడో. ఆ చెయ్యి దించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, ఎవరిదో చెయ్యి దించినట్టు దించింది. అప్పటి నుంచి దాని మీద నమ్మకం పోయింది. కరిచిన కుక్కను కట్టేసినట్టు తీసుకొచ్చి ఈ చాప మీద కట్టేసుకుంది. అది ఇంకా మెత్తబడలేదు. మూడు దినాల్లో ప్రతిసారీ మెత్తబడేది, తల పోసుకుని లోపలికి పోయి ఆయన నుదురు ముడితే తన చెయ్యే తనకు చల్లగా తగిలేది. ఈసారి ఇంకా అదే చెయ్యి. రేపు పొద్దున దీన్నే తీసుకుని లోపలికి పోతే, ఆయన ఇంకోసారి ఉమ్మేస్తే. ఒక్క దినం, ఇంకొక్క దినం దొరికితే చాలుననిపిస్తుంది. ఎవరినడగాలి. ఏమని అడగాలి. నా చెయ్యి ఇంకా మంచిది కాలేదు, ఇంకో దినం ఉండనీయండని అడిగేది ఏ భాషలో.

దొరికేట్టు లేదు. పురుగు నాలుగో జ్వరం లేచింది. జ్వరమంటే జబ్బు కాదు, పురుగు తల పైకెత్తి కదలకుండా పడుండి తోలు విడుస్తుంది, ఆ పొద్దు ఆకు వేయకూడదు, తట్ట కదిలించకూడదు. లేచిందంటే మాత్రం ఇంక దాని కడుపుకు హద్దు లేదు. నడవలో, నట్టింట్లో, వంటింటి గోడ దాకా తట్టలు పేర్చున్నారు, ఆ తట్టలన్నీ ఒక్కసారిగా తింటుంటే కొట్టం దాకా వినబడుతుంది, చేట నిండా రాగులు పోసి ఎవరో కదిలించినట్టు. ఈ ఏడు పట్టుకు గిరాకీ. ఎక్కడో యుద్ధంలో ఆకాశం నుంచి దూకే సిపాయిలకు పట్టుగొడుగులు కావాలంట. తొందర తొందరంట. పొద్దున గురప్ప పెరట్లో నిలబడి, ఆమె వైపు చూడకుండా, బర్రెకు చెప్పినట్టు చెప్పాడు, “రేపటి నుంచి వదిన లోపలికి వస్తే నేను ఆకుకు పోతాను. లేకపోతే పురుగు ఎండుతుంది.” తప్పు కాదు. ఎండుతుంది. పురుగులు ఎండుతాయి, మనుషులు ఎండుతారు, అందరి కడుపూ ఆ తట్టల్లోనే ఉంది. ఆకాశం నుంచి దూకే ఆ పిల్లలకు కూడా తల్లులుంటారు.

“అక్కా, చెంబు ఇటు జరుపు.” లక్ష్మీదేవమ్మ వచ్చింది. చంకలో పిల్ల, రెండో చేతిలో బిందె. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, జుట్టులో రేష్మె ఆకు తునకలు. కెంపమ్మ చెంబు జరిపింది. లక్ష్మీదేవమ్మ ఎత్తి పోసింది, సగం చెంబులో, సగం నేల మీద. పోలేదు, నిలబడింది. “మా అమ్మకు నీకంటే చిన్న వయసులోనే నిలిచిపోయింది,” అనింది.

“అట్లనా.”

“ఊరికే చెప్తాండా. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కొక్క మాదిరి.”

“ఔను.”

“నాకైతే ఈ రాక్షసి పుట్టినాక రానేలేదు. పాలు తాగినన్నాళ్ళూ రాదంట. మానిపిద్దామంటే కరుస్తాంది.” పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. పిల్ల తల్లి మెడ మీద ముఖం పెట్టుకుని కెంపమ్మను చూసి నవ్వింది. లక్ష్మీదేవమ్మ నవ్వలేదు. చాప వైపు చూసింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా, కొనబోయే కోకను చూసినట్టు. “బాగుండాదక్కా నీ చాప. పొడుగు,” అనింది. పోయింది. పోతుంటే మడమల్లో పగుళ్ళు కనబడ్డాయి, పగుళ్ళలో మట్టి. ఆ మడమలు పోయిన ఏడు లేవు. ఏమనుకుంటుందో తెలియదని అనుకోడానికి లేదు, తెలుసు. లక్ష్మీదేవమ్మకు అంతా తెలుసు, తెలిసినా నోరు విప్పలేదు. ఎక్కడైనా నోరు విప్పితే తన వంతు ఎప్పుడని అడగాలి కదా. కెంపమ్మ తీసుకున్న మూడు దినాలూ గాలిలోంచి రాలేదు, ఆ మడమల్లోంచి వచ్చాయి. ఈ ఆలోచన వచ్చినాక చాప మీద ఎటు తిరిగినా గుచ్చుకోసాగింది. సరే, రేపు లేస్తాను. లేచి తల పోసుకుంటాను, దానికి గంజి కాచే పని తప్పిస్తాను, నేనే కాస్తాను, నేనే తాపిస్తాను. తాపించేటప్పుడు ఈ చెయ్యి. మళ్ళీ ఈ చెయ్యి.

దేవుడికి తెలీదా. తెలుసు. ముట్టు లేకుండా ముట్టని కూచున్నదానికి ఏమి శిక్షో ఏ పురాణంలోనూ విన్నట్టు లేదు. ఉండే శిక్షలన్నీ ముట్టై లోపల తిరిగినవాళ్ళకే. దీపం పెట్టకుండా మూడు దినాలు మోసం చేసింది, నిజమే. అయితే తిమ్మరాయప్పను ఆ స్థితిలో పెట్టినవాడు దీపం లేదని అడుగుతాడా. అడిగితే చెప్పుకుంటుంది. స్వామీ, నేను నిన్ను మోసం చేసి నిద్రపోయినాను, ఆయన్ను కొట్టకుండా ఉండేదానికి నిద్రపోయినాను, రెండింట్లో ఏది నీకు తక్కువ పాపమో అది నా లెక్కలో రాసుకో. అంటే ఏమంటాడో. ఏమీ అనడు. ఆయనకూ కొంచెం పడుకోవాలనే ఉంటుంది. ఆలోచన ఎటెటో పోతుంది. ఎండ మోకాళ్ళు దాటి గోడెక్కింది. బయట మేతకు పోయిన పసువులు మెడగంటలు కొట్టుకుంటూ వస్తున్నాయి, వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు, పొద్దుకు ఇంటికొస్తాయి. పొద్దుకు ఇంటికి పోవలసిందే కదా అందరూ.

కర్ర చప్పుడైంది. పుట్టమ్మ. చూపు మందగించినాక ఆమె నడక చెవులతో నడిచినట్టుంటుంది, రెండడుగులేసి ఆగుతుంది, విని మళ్ళీ వేస్తుంది. ఆచారమంటే ఈ ఇంట్లో ఆమెదే. పెళ్ళయి వచ్చిన ఏడాది, బయటున్న కెంపమ్మ కొంగు చివర గాలికెగిరి తగిలిందని ఆ చలిలో మూడు బిందెలు తల మీద పోసుకున్న మనిషి. వచ్చి, గాడి పక్కన రోలు మీద కూచుంది, దూరంగా. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“కెంపమ్మా.”

“ఆఁ, అత్తా.”

“నిద్రపోతివా?”

“లేదు.”

“పోయింటే బాగుండె.” కర్రను కాళ్ళ మధ్య ఆనించుకుంది. “పొద్దున గంజి తాగలేదు వాడు. మధ్యాహ్నం రెండు గుటకలు తాగినాడు. అలిగినట్టుండాడు. వాళ్ళ నాయన అంతే. మంచంలో పడినాక అలక ఎక్కువ మగోళ్ళకు.”

మామ ఎన్నేళ్ళు మంచంలో ఉన్నాడో ఆమెకు లెక్క తెలీదు. తను కాపురానికి వచ్చేటప్పటికే ఆయన ఆ గదిలో దగ్గుతూ ఉన్నాడు, పుట్టమ్మ ఆయన ఉమ్మే బూడిద చట్టి పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంది. అప్పుడు కోడలుగా తను చూసింది ఆ చట్టినే, పట్టుకున్న మనిషిని చూడలేదు. చట్టి ఎప్పుడూ కడిగి ఉండేది. ఎవరు కడిగారని ఎవరడుగుతారు.

“రేపు తల పోసుకుంటావా? నీళ్ళ పొయ్యిలో కట్టె పెట్టమని గురప్పకు చెప్పల్ల,” అనింది పుట్టమ్మ.

పోసుకుంటానత్తా. ఆ మాట సిద్ధంగా ఉంది, మధ్యాహ్నం నుంచి నాలుక మీద పెట్టుకుని కూచుంది. పురుగులుండాయి, గురప్ప ఉండాడు, లక్ష్మీదేవమ్మ మడమలుండాయి. నోరు తెరిచింది. కుడిచెయ్యి ఒళ్ళో బరువుగా, చచ్చిన పిట్టలాగా పడుంది.

“ఇంకా నిలవలేదత్తా,” అనింది.

ఈసారి మెడ కాదు, నోరే చెప్పింది. చెప్పినాక చెవుల్లో పురుగులు తింటున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. బర్రె తోక విసిరింది. పుట్టమ్మ కర్ర కొనతో నేల మీద మట్టిగడ్డను చిదుముతోంది. గడ్డ చితికింది, పొడైంది, ఆ పొడిని కూడా చాలాసేపు చిదిమింది.

“నాకూ అట్లే ఉండె,” అనింది చివరికి. “మీ మామ మంచంలో ఉన్నన్నాళ్ళూ నాకు నిలవనే లేదు. యాభై దాటినా నిలవలేదు. ఆయప్ప పోయినాక ఒక్క నెల కూడా రాలేదు.”

కెంపమ్మ తలెత్తింది. అత్త ముఖం తన వైపు లేదు, తోట వైపుంది, ఆ కళ్ళకు తోట కనబడదు. ముఖంలో ఏమీ లేదు. పొద్దు గూకేటప్పుడు ముసలివాళ్ళ ముఖాల్లో ఉండే అలుపు తప్ప ఏమీ లేదు.

“అప్పుడు మా అత్త ఉండె,” అనింది పుట్టమ్మ. “ఆయమ్మ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.” కర్ర ఊని లేచి చాప దాకా రెండడుగులేసింది, మోకాలు పట్టలేదు, ఒరిగింది. చేయి చాచి కెంపమ్మ భుజం పట్టుకుంది. కెంపమ్మ ఒళ్ళు జలదరించింది. అత్తా, ముట్టితివే, అనబోయింది. పుట్టమ్మ ఆ భుజం మీద బరువంతా వేసి, తొందర లేకుండా, నిటారుగా నిలబడేదాకా వదలలేదు. నిలబడినాక కూడా వదలలేదు. బొటనవేలితో భుజం ఎముక మీద ఒకసారి ఒత్తి చూసింది, చిక్కిన బర్రెను సంతలో ఒత్తి చూసినట్టు. “ఏమీ లేదే ఇక్కడ,” అని గొణిగింది. “పురుగు గూడు కట్టినాక లక్ష్మీదేవిని గుడిబండెకు పంపించల్ల, వాళ్ళమ్మ దగ్గరికి. పది దినాలు. దానికీ ఒక బయట ఉండల్ల కదా.”

“ఔనత్తా.”

“అప్పుడు పిల్లకు పాలు మానిపించి నువ్వు చూసుకోవల్ల.”

“చూసుకుంటా.”

కర్ర చప్పుడు పెరడు దాటి పోతుంటే కెంపమ్మ నీళ్ళ చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూచుంది. ముట్టిన మనిషి బండ దగ్గర ఆగాలి, కోకతో సహా తల మీద పోసుకోవాలి, ఆ తర్వాతే గడప. కర్ర బండ దగ్గరికి వచ్చింది. ఆగలేదు. గడప ఎక్కింది, కర్ర కొన గడప చెక్కకు తగిలిన చప్పుడు తెలిసింది. తర్వాత దేవుడి గూటి తలుపు. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు, ఒకటి ఆరిపోయి, రెండోది.

“ఇంకా నిలవలేదంట ఆయమ్మకు,” అనింది పుట్టమ్మ గొంతు లోపల, ఇల్లంతా వినేట్టు. “ఎవరూ కొట్టం పక్కకు పోవద్దండి. ముట్టేరు.”

“మరి పురుగో?” గురప్ప.

“పురుగుకు నేను కూచోని ఆకు వేస్తా. కళ్ళు లేకపోతే చేతులు లేవా. నువ్వు తోటకు పో.”

“వయసైన కొద్దీ మీ అందరికీ ఎక్కువవుతాంది,” అని లక్ష్మీదేవమ్మ, గిన్నె కింద పెడుతూ. ఆమే మళ్ళీ, కొంచెం మెత్తగా, “గంజి కాగింది అత్తా, తీసుకో, కాలుతుంది జాగ్రత్త,” అనింది.

గోడ అవతల మంచం కిర్రుమనింది. పుట్టమ్మ మంచం పట్టె మీద కూచున్నట్టుంది. తిమ్మరాయప్ప ఏదో అడిగాడు. నమిలిన మాట, ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాదు, కెంపమ్మకు గోడ ఇవతల నుంచి కూడా అర్థమైంది. యాడికి పోయింది అని కాదు, ఎప్పుడు వస్తాది అని కాదు. పడుకునిందా అని అడిగాడు. పుట్టమ్మకు అర్థం కాలేదో, అర్థమైందో, “పడుకుంది నాయనా, ఎల్లుండి వస్తాది, నోరు తెరువు,” అనింది. గిన్నెకు చెంచా తగిలింది. గుటక వినబడింది. కాసేపటికి ఇంకో గుటక. మూడో గుటక వినడానికి కెంపమ్మ మేలుకుని లేదు.